ఇద్దరి మందు

“నీ చెల్లెల్ని బండెక్కించుకోని పో జయరామా! మంచిమాటగా చెప్తాండా. ఇంక ఈ ఇంట్లో ఆ యమ్మి పొయ్యి ముట్టించేది లేదు.”

హనుమంతమ్మ గొంతు వీధి మలుపు దాకా వినబడుతోంది. ఉరవకొండ నుంచి వచ్చిన బస్సు దిగి, ఎండకు కొంగు నెత్తిన వేసుకుని, మందుల కవరు గుండెకు అదుముకుని పరుగులాంటి నడకతో వస్తున్న జయంతి టక్కున ఆగిపోయింది. ఇంటి ముందు అన్న బండి నిలబడి ఉంది. బండి పక్కనే, వాకిట్లో, తన చీరలు మూటగట్టి ఉన్నాయి.

అంటే అత్త అన్నంత పనీ చేసింది. తన పుట్టింటికి, బత్తలపల్లెకు ఫోన్ చేసి అన్నను పిలిపించింది.

ఇంకో రోజైతే జయంతి అక్కడి నుంచే వెనక్కి తిరిగి మిరపచేలోకి పోయి, గట్టు మీద కూర్చుని కడుపారా ఏడ్చి వచ్చేది. కానీ ఇవాళ ఆ పిల్ల కడుపులో ఏడుపు లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డాక్టరమ్మ ఇంద్రాణి చెప్పిన ప్రతి మాటా వల్లె వేసుకుంటూ, పక్క సీటు ఆవిడ వింతగా చూస్తున్నా లెక్కచెయ్యకుండా తనలో తాను నవ్వుకుంటూ వచ్చింది. ఎప్పుడెప్పుడు ఇంట్లో పడి చెప్పేద్దామా అని ఆత్రం. తమ ఊరు విడపనకల్లు ఎంతకీ రాదే అని డ్రైవరును మనసులో తిట్టుకుంది కూడా.

“ఇది తప్పుడు రోగం కాదమ్మా,” అన్నది డాక్టరమ్మ. “బూజు జాతి. ఈస్టు అంటాం. అందరి ఒంట్లోనూ కాస్తో కూస్తో ఉంటుంది. తడి ఎక్కువైనా, ఒంట్లో చక్కెర ఎక్కువైనా, వేరే జబ్బుకు వాడిన మందులు పడకపోయినా అది పెరుగుతుంది. దురద, మంట, తెల్లబట్ట. అది రావడానికి ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు.”

“మరి తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ ఎందుకొస్తాంది మేడమ్?”

“మీ ఆయనకూ ఉందేమో. చాలామందికి మగాడి నుంచి రాదు. కానీ ఆయనకూ ఉండి, దాచిపెడితే, నీకు తగ్గాక ఆయన నుంచి నీకు మళ్లీ అంటుకోవచ్చు. నువ్వొక్కదానివే మందు మింగుతూ కూర్చుంటే ఏం లాభం?” అని రెండు మాత్రలు రాసిచ్చింది. “ఒకటి నీకు. ఇంకోటి ఆయనకు దురదా, ఎర్రగా కందడమూ ఉంటేనే. లేకపోతే మింగనక్కర్లేదు. పూర్తిగా తగ్గేదాకా ఎడంగా పడుకోండి. ఆయన్ని నా దగ్గరికి తీసుకురా. షుగరు కూడా చూడాలి.”

“అంటే ఆయప్ప మింగినాడంటే, ఆయప్పకూ ఉండాదని లెక్క?”

డాక్టరమ్మ నవ్వింది. “అంతే కదమ్మా.”

ఆ అంతే కదమ్మా అనే మాటను పట్టుకునే జయంతి ఇప్పుడు వాకిట్లోకి అడుగుపెట్టింది.

“వచ్చినాదిగో మారాణి,” అంది హనుమంతమ్మ అరుగు మీద నిలబడి. కొడుకు తిప్పేష్ పదో తరగతిలో ఉన్నప్పుడే మొగుడు పోయిన మనిషి. కూలికి పోయి, మిరపకాయలు కోసి, ఒక్కగానొక్క కొడుక్కి మోటారు వైండింగ్ పని నేర్పించి, ఇంటి ముందు గదిలో షాపు పెట్టించింది. ఆవిడ గొంతుకు వీధిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. “అడుగు నీ చెల్లెల్ని. నా ముందరే అడుగు.”

జయరాం ఏమడుగుతాడు? చెల్లెలి ముందు ఆ సంగతి ఎత్తడానికే అతనికి సిగ్గు. బండి అద్దంలో తన మొహం తానే చూసుకుంటూ, “ఇదంతా ఏంది జయంతీ?” అన్నాడు.

“ఏం లేదన్నా. ఒంట్లో దురద. మందుండాది, తగ్గిపోతాది.”

“దురదంట!” హనుమంతమ్మ చేతులు తిప్పింది. “ముందు మిరపకాయల మంట అనె. సరే, చేతులు సరిగ్గా కడుక్కోలేదేమో అనుకుంటి. చేన్లో కోతకు పోవద్దంటి. పోలేదు. అయినా తగ్గలే. దిండు కింద ఆయింట్‌మెంటు దాచిపెట్టుకుంటాది. గోక్కుంటాది, ఏడుస్తాది. జయరామా, నీకు సిగ్గయితాంటే చెవులు మూసుకో. నేను మాత్రం అడిగేది అడుగుతా. నా కొడుకు మండలం దినాలు మాలలో ఉండె. నేల మీద పండుకున్నాడు. ఒంటిపూట తిన్నాడు. వాని ఒళ్లు ఆంజనేయసామి ఒళ్లు. కసాపురం పోయి మాల తీసొచ్చినాక వారం తిరక్కముందే ఈ యమ్మికి రోగం బయటపడె. మరి ఆ రోగం యాడ నుంచి వచ్చినట్ల? ఎవని దగ్గర నుంచి వచ్చినట్ల?”

ఇదీ ఆవిడ లెక్క. రెండు నెలలుగా జయంతి నోరు నొక్కేసిన లెక్క. మొగుడు దేవుడి మాలలో ఉన్నాడు, కాబట్టి మొగుడి మీద అనుమానం లేదు. మిగిలింది పెళ్లాం. ఎన్నిసార్లు తిరగేసినా ఆ లెక్క తన మెడకే చుట్టుకునేది. ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది, ఏ పాడు బాత్‌రూములో ఏం అంటించుకున్నానో అని.

ఇవాళ మాత్రం ఆమె తల ఎత్తి మాట్లాడింది.

“ఆ లెక్కలోనే తప్పుండాది అత్తా. ఇది తిరిగితే వచ్చే రోగం కాదంట. ఎవరికైనా వస్తాదంట. డాక్టరమ్మ చెప్పింది.”

“దుడ్లు పెడితే డాక్టర్లు నీకేది కావాలంటే అది చెప్తారు.”

“ఒంట్లో చక్కెరుంటే వస్తాదంట. తడిలో ఉంటే వస్తాదంట.”

“తడా? ఈ అనంతపురం జిల్లాలో తడి యాడుండాదే? బిందె నీళ్లకు పొద్దంతా కాచుకుంటాండామే!”

గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. జయంతి అటు చూసింది. గోడ మీద నాలుగు తలలు లేచి ఉన్నాయి. చూడనీ అనుకుంది. వీళ్లంతా రేపు ఊరంతా చెప్పేవాళ్లే కదా, సగం మాట కాకుండా మొత్తం విని చెప్పనీ.

జయరాం షాపు వైపు తిరిగాడు. “బావా. నువ్వేమంటావు? అత్త ఇంతింత మాటలంటాంటే నీ నోట్లోంచి ఒక్క మాటా రాదేంది?”

షాపులో తిప్పేష్ స్టూలు మీద కూర్చుని, ఎవరిదో బోరు మోటారు ముందేసుకుని, రాగితీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

“నాకేం తెలుసప్పా,” అన్నాడు. “నాకేం లేదు.”

“విన్నావా?” అంది హనుమంతమ్మ. “వానికేం లేదు.”

జయరాం పళ్లు కొరికాడు. ఆ నాకేం లేదు అనే మాట అతనికి ఎక్కడో తగిలింది. “సరే బావా. నీకేం లేకపోతే నా చెల్లెలు నాకు భారం కాదు. జయంతీ, ఎక్కు బండి. ఈ ఇంట్లో మంచినీళ్లు గూడా తాగద్దు.”

జయంతి బండి వైపు పోలేదు. మొగుడినే చూస్తోంది. స్టూలు మీద అతను ఒక తొడ మీద నుంచి ఇంకో తొడ మీదికి బరువు మార్చాడు. కాసేపటికి మళ్లీ మార్చాడు. చూస్తూ ఉండగానే ఆమె బుర్రలో ఏదో టప్పున వెలిగింది. అబ్బ! ఎంత మొద్దునో నేను! ఇన్నాళ్లూ కళ్లు పెట్టుకుని ఏం చూసినట్టు?

విసవిసా షాపులోకి నడిచి షట్టరు సగానికి దించేసింది.

“ఏయ్, ఏం పనిది? బయట అందరూ ఉండారు,” అన్నాడు తిప్పేష్.

“ఉండనీ. ఒక్కటే అడుగుతా. నీ డ్రాయర్లు నువ్వే ఎందుకు ఉతుక్కుంటాండావు?”

తీగ చుట్టే చెయ్యి ఆగింది.

“పెండ్లయినప్పటి నుంచి చేతిగుడ్డ గూడా జాడించినోడివి కాదు. లుంగీ విప్పితే విప్పిన చోటే ఉంటాది. మాల తీసినాక ఏమొచ్చె నీకు? సబ్బు పట్టుకోని నువ్వే జాలాడిలోకి పోతావు. ఉతికింది దండెం మీద ఆరేయకుండా షాపు వెనకాల ఆరేస్తావు. పెండ్లానికి పని తగ్గిద్దామని ప్రేమ పొంగెనా?”

షాపులో వార్నిష్ వాసన. బయట హనుమంతమ్మ ఇంకా అరుస్తూనే ఉంది.

“గూట్లో వేపనూనె సీసా యాడికి పోయె?”

తిప్పేష్ మోటారు వైపే చూశాడు.

“పూసుకున్నావా?”

తల ఊపాడు.

“ఆడనా?”

“మంటెత్తిపోయె జయంతీ,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “మూడు దినాలు కూర్చోలేకపోతి. షాపులో పని గూడా నిలబడే చేసినా.”

జయంతికి నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లు తుడుచుకునేలోపు నవ్వు పోయి ఒళ్లంతా కోపం లేచింది.

“అంటే నీకూ ఉండాది. తెలిసి తెలిసి ఇన్ని దినాలు... మీ అమ్మ నన్ను అంత మాటంటాంటే తెలిసి గూడా...”

“మెల్లగా!”

“ఎప్పటి నుంచి?”

అతను రాగితీగ ముక్కొకటి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

“మాలలో ఉన్నప్పటి నుంచే.”

జయంతి అక్కడున్న పెట్టె మీద కూలబడింది.

“మాలలోనా?”

“తెల్లారకముందే స్నానం. పొద్దుగూకినాక మళ్లీ స్నానం. ఉన్నవేమో రెండు పంచెలు. ఆ చలికి యాడ ఆరతాయి? తడిబట్టే మడి అనె గురుసామి. పిండుకోని కట్టుకుంటి. ఆ తడిపంచెతోనే పూజ, ఆ తడిపంచెతోనే పొద్దంతా స్టూలు మీద పని. ఒకనాడు దురద మొదలయ్యె. మర్నాటికి ఎర్రగా కందిపోయె.”

“ఎవురికీ చెప్పలేదా?”

“ఎవరికని చెప్పేది? సాములంతా కూర్చోని భజన చేస్తాంటే నాకు ఆడ దురదుండాదప్పా అని చెప్పమంటావా?” తీగ ముక్క పక్కన పడేశాడు. “సామి నాకు శిక్ష వేసినాడనుకుంటి.”

“ఏం చేసినావని శిక్ష?”

తిప్పేష్ ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపుతో ఆమెకు అన్నీ గుర్తొచ్చాయి.

దీక్షలో ఉండగా ఒక తెల్లవారుజామున స్నానానికి లేచినవాడు పెరటి వాకిలి దగ్గరికి వచ్చి మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. ఒక్క మాటే అన్నాడు, రావా అని. జయంతికి ఒళ్లు ఝల్లుమంది. వెళ్లాలనీ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ అతని మెడలో మాల కనబడింది. అందరితో పాటు తానూ అలవాటైన పిలుపే పిలిచింది. “పోయి స్నానం చేసుకోండి స్వామీ,” అని వాకిలేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

“ఆ వారంలోనే మొదలయ్యె,” అన్నాడు తిప్పేష్. “మనసు చెడి నిన్ను పిలిచినా గదా. అందుకే ఇట్ల చేసినాడు సామి అనుకుంటి. మాల తీస్తే పోతాదిలే అనుకుంటి. పోలే.”

పాపం అనిపించింది జయంతికి. నిజంగానే పాపం అనిపించింది. ఇంత పెద్ద మగవాడు, కాలిపోయిన మోటారు ఏదైనా సరే విప్పి బాగుచేసేవాడు, తడిబట్టకు వచ్చిన దురదను దేవుడి శిక్ష అనుకుని వేపనూనె పూసుకుని నిలబడి పనిచేశాడు. జాలిపడుతూనే చెయ్యెత్తి అతని భుజం మీద ఒక్కటేసింది.

“శిక్ష నీకైతే నాకెందుకు తగిలె? నేను రాలేదు గదా! వాకిలేసినా గదా! సామి నాకెందుకేసినాడప్పా శిక్ష, చెప్పు?”

తిప్పేష్ భుజం తడుముకున్నాడు.

“సామీ లేదు, శిక్షా లేదు. తడిపంచె వేసింది నీకు. నువ్వు నాకిచ్చినావు. నాకు తగ్గితే మళ్లీ ఇచ్చినావు. డాక్టరమ్మ అచ్చం అట్లే చెప్పింది, నిన్ను చూడకుండానే!” ఆమెకు మళ్లీ ఉత్సాహం పొంగుకొచ్చింది. కవరులోంచి మాత్రలు తీసి అతని కళ్ల ముందు ఆడించింది. “చూడు. నీకొకటి, నాకొకటి. ఇద్దరం మింగితే ఇంక ఇటూ అటూ తిరగదు. నీకు షుగరుండాదేమో గూడా చూడాలంట.”

తిప్పేష్ చెయ్యి చాపాడు. “ఇయ్యి. ఈడనే మింగుతా.”

“ఈడ కాదు.”

“మరి?”

“బయట. మీ అమ్మ ముందర.”

చాపిన చెయ్యి వెనక్కి పోయింది.

“వద్దు జయంతీ. నీకు దండం పెడతా. మాల వేసుకున్నోనికి ఇట్లాంటిది వచ్చిందని తెలిస్తే ఊర్లో తల ఎత్తుకోలేను. అమ్మ గుండె పగిలి చస్తాది. నువ్వు కొన్నాళ్లు బత్తలపల్లెలో ఉండిరా. నేను మాత్ర మింగుతా, ఒట్టు. తగ్గినాక నేనే వచ్చి పిల్చుకొస్తా. ఎవురికీ ఏమీ తెలీకుండా అయిపోతాది.”

బయట జయరాం హారన్ కొట్టాడు.

“ఎవురికీ తెలీకుండా?” అంది జయంతి మెల్లగా. “నేనిప్పుడు ఆ బండెక్కినానంటే రంకుదాన్నని ఒప్పుకోని ఎక్కినట్ల. ఆ మాట బత్తలపల్లె దాకా నా వెనకే వస్తాది. రేపు నువ్వొచ్చి పిల్చుకొస్తే, మొగుడు పెద్దమనసు చేసుకోని రంకుదాన్ని ఏలుకున్నాడంటారు. నీకు ఇంకా పేరొస్తాది. నాకు చచ్చేదాకా ఆ పేరే ఉంటాది.”

“జయంతీ...”

“నోటితో నువ్వేం చెప్పద్దు. నీకు సిగ్గుంటే చెప్పద్దు. మాత్ర మింగు, చాలు. మింగకపోతే నేను బండెక్కుతా. మళ్లా నువ్వొచ్చినా రాను.”

షట్టరు ఎత్తేసింది. వెలుతురు భగ్గున లోపలికి పడింది.

వాకిట్లోకి వచ్చి చెంబుతో నీళ్లు ముంచింది. గుండె దడదడలాడుతోంది. భయమా అంటే భయం కాదు. తిరనాళ్లలో రంగులరాట్నం పైకి లేచేటప్పుడు ఉంటుందే, అలాంటి దడ.

“అన్నా, అత్తా, ఇద్దరూ వినండి,” అంది గట్టిగా. గోడ మీది తలలకు కూడా వినబడేంత గట్టిగా. “డాక్టరమ్మ రెండు మాత్రలిచ్చింది. ఒకటి నాకు. రెండోది ఈయప్పకు. ఒంట్లో ఈ దురద ఉంటేనే మింగమనింది. లేకపోతే మింగద్దనింది. ఏమీ లేనోడు మింగడు. మింగినోడికి ఉన్నట్ల. అంతే.”

వెనకే వచ్చి నిలబడ్డ తిప్పేష్ అరచేతిలో మాత్ర పెట్టింది. చెంబు ఇంకో చేతికిచ్చింది.

అతను రెండు చేతులతో రెండు పట్టుకుని వాకిలి నడుమ నిలబడిపోయాడు.

“పారెయ్ నాయనా!” హనుమంతమ్మ అరుగు మీద నుంచి ఒక్క దూకు దూకింది. “ఏం మందో ఏమో! నీకు మందు పెడ్తాంది ఈ యమ్మి! నిన్ను కొంగుకు కట్టేసుకుండేదానికి మందు తెచ్చినాది! పారెయ్యి!”

“నీకేం లేదంటివి గదా బావా,” అన్నాడు జయరాం. “లేకపోతే ఆ మాత్ర చెల్లెలి చేతికిచ్చెయ్. మా దోవన మేం పోతాం.” ఆ మాటంటూనే బండి స్టార్ట్ చేశాడు.

బండి డుగుడుగుమంటోంది. హనుమంతమ్మ కొడుకు మణికట్టు పట్టుకుంది. జయంతి ఎవరినీ పట్టుకోలేదు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడింది. మింగు. మింగు. మింగరా నాయనా. ఆంజనేయస్వామీ, ఇన్నాళ్లూ నీ పూజకు నేను వండిపెట్టలేదా, నా తరఫున ఒక్కసారి వాడి నోరు తెరిపించు.

తిప్పేష్ తల్లి వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. గోడ మీది తలల వైపు చూడబోయి మానుకున్నాడు. తల్లి చేతిలోంచి మణికట్టు లాక్కుని మాత్ర నోట్లో వేసుకున్నాడు. కంగారులో నీళ్లు తాగడం మరిచిపోయాడు. మాత్ర గొంతులో అడ్డం పడి దగ్గొచ్చింది. జయంతే చెంబెత్తి నోటికి పెట్టింది. గటగటా తాగేశాడు.

జయరాం బండి ఆపేశాడు.

జయంతి తన మాత్ర తాను వేసుకుని, చెంబులో మిగిలిన నీళ్లు తాగింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది. పెళ్లయిన కొత్తలో కూడా మొగుడు ఆమెకు అంత అందంగా కనబడలేదు.

కానీ హనుమంతమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషా?

“నీకూ ఉండాదా?” అంది కొడుకుని. గొంతు తగ్గింది. “ఎప్పటి నుంచిరా?”

“మాలలో ఉన్నప్పటి నుంచేమ్మా.”

ఆవిడ కోడలి వైపు తిరిగిన తిరుగుడు చూస్తే జయరామే ఒక అడుగు వెనక్కి వేశాడు.

“అయితే మాలలో ఉండంగానే పోయినావా నా కొడుకు దగ్గరికి? దేవుని మాల మెడలో ఉండంగా పోయి వాని దీక్ష చెడగొట్టినావా? పాపిష్టిదానా! రోగం అంటించింది చాలక వ్రతం గూడా మంట గలిపినావా!”

ఎంత తొందరగా తిప్పేసింది అత్త లెక్కను! ఒక కొమ్మ మీంచి తెంపుకుంటే ఇంకో కొమ్మకు కట్టేసింది. గోడ అవతల గుసగుసలు మొదలయ్యాయి. రాలేదని తాను చెబితే ఎవరు నమ్ముతారు? చూసినవాళ్లెవరు? తెలిసినవాడు ఒక్కడే. మాత్ర మింగడానికే అంత యాతన పడినవాడు.

తిప్పేష్ గొంతు సవరించుకున్నాడు.

“ఆ యమ్మి రాలేదమ్మా.”

“నువ్వు నోర్ముయ్! పెండ్లాన్ని ఎనకేసుకోని...”

“రాలేదంటాండా గదా!” తల్లి మీద అతను అరవడం ఆ వీధి అంతకుముందు వినలేదు. “నేనే పోయి పిలిచినా. మెడలో మాల పెట్టుకోని నేనే పిలిచినా. నా మొహాన వాకిలేసి స్నానం చేసుకోపొమ్మనె. వ్రతం నిలబెట్టింది ఆ యమ్మి. నేను కాదు. ఇంకొక్క మాట అన్నావంటే నేనే జయరాం బండెక్కి బత్తలపల్లెకు పోతా.”

గోడ మీద తలలు ఒక్కొక్కటే దిగిపోయాయి.

హనుమంతమ్మ చీర చెంగు భుజం మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

జయరాం వచ్చి తిప్పేష్ వీపు మీద చరిచాడు. “పా బావా. ఉరవకొండ పోదాం. డాక్టరమ్మ ఉన్నప్పుడే చూపించుకోని, ఆ షుగరేందో గూడా చూపించుకోని వద్దాం.”

“ఈపొద్దేనా?”

“ఈపొద్దే. రేపటికి నీకు మళ్లీ సిగ్గొస్తాది.”

తిప్పేష్ నవ్వాడు. బండి వెనకాల జాగ్రత్తగా, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా జయంతి వైపే చూస్తూ పోయాడు. ఆమె చెయ్యి ఊపింది. వీధిలో అందరూ చూస్తుండగా మొగుడికి చెయ్యి ఊపడం అదే మొదటిసారి.

ఇక మిగిలింది అత్త.

జయంతి లోపలికి నడిచింది. ఇవాళ మాత్రం ఊరుకునేది లేదనుకుంది. రెండు నెలల మాటలు కడుపులో దాచుకుంది. ఒక్కొక్కటే తీసి ముందు పెట్టాలి. కంచం వేరు పెట్టినందుకు ఒక మాట. దుప్పటి వాకిట్లో పడేసినందుకు ఒక మాట. ఎవని దగ్గర నుంచి వచ్చిందని అన్న ముందు అడిగినందుకు మాత్రం ఒక్క మాటతో సరిపోదు. క్షమించమని అత్త నోటితో అనేదాకా వదలకూడదు. నడుస్తూనే మొదటి మాట సిద్ధం చేసుకుంది.

నడిమింట్లో అత్త లేదు. వంటింట్లోనూ లేదు. వెనకాల, బట్టలుతికే జాలాడి గట్టు మీద, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది హనుమంతమ్మ. ఏడుస్తోందనుకుంది జయంతి. ఏడవడం లేదు. మోకాళ్ల మధ్య చీర బిగించి పట్టుకుని ఊరికే కూర్చుంది.

“అత్తా,” అంది జయంతి గట్టిగా. “ఇట్ల చూడు. నీతో మాట్లాడాల.”

హనుమంతమ్మ తిరగలేదు.

“మ్మే,” అంది. ఆ గొంతు జయంతికి కొత్త. అందులో అరుపు లేదు, ఎత్తిపొడుపు లేదు. “తిరగనోళ్లకు గూడా వస్తాదని డాక్టరమ్మ నిజంగానే చెప్పిందా?”

“నిజంగానే చెప్పింది. నీకింకా నమ్మకం లేదా?”

“ఒంట్లో చక్కెరుంటే వస్తాదనిందా?”

“అనింది.”

“ఎవురికైనానా?”

“ఎవురికైనా. చిన్నోళ్లకైనా, పెద్దోళ్లకైనా.”

హనుమంతమ్మ గోడ మీది సున్నం పెళ్లను గోటితో గీకింది.

“మొగుడు లేనోళ్లకు గూడానా?”

జయంతి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవని దగ్గర నుంచి వచ్చిందని తనను అడిగిన మనిషి, ఆ ప్రశ్న తనకు తాను ఎన్నిసార్లు వేసుకుని ఉంటుందో ఆమెకు అప్పుడు తట్టింది.

“ఎన్నాళ్ల నుంచత్తా?” అంది, పక్కన కూర్చుంటూ.

“నాళ్లు కాదుమ్మే,” అంది హనుమంతమ్మ, మొహం తిప్పకుండానే. “చానా ఏండ్లాయె.”